అద్దెయిండ్ల సేద్యము



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము శాస్త్రచర్చయు కాదు, పురాణప్రసంగమును కాదు. పట్టణమున ఇండ్లు కట్టి అద్దెకిచ్చుట యెట్లు, ఒక్క వాటాతో ఆరంభించి క్రమముగా వృద్ధి పొందుట యెట్లు అనునదియే నేటి విషయము. బడిపంతులునకు ఈ విషయముతో పనియేమని కొందరు నవ్వవచ్చును. నేను ఉద్యోగరీత్యా ఊరూరను అద్దెయిండ్లలో కాపురము చేసినవాడను. పదునైదేండ్లకు పైగా అద్దె పుచ్చుకొనుచున్నవాడను. ఇచ్చు చేతిని, పుచ్చుకొను చేతిని రెంటిని ఎరుగుదును. ఈ విషయమున నష్టపడితిని కూడ. ఆ నష్టము మీకు కలుగకుండుటకే ఈ నాలుగు మాటలు.

మా గ్రామమునుండి తెనాలికి వచ్చి నన్ను పలుకరించు పెద్దలు తరచుగా అడుగు ప్రశ్న ఒక్కటియే. "మాస్టారూ, పిల్లలు సేద్యము చేయరు. కౌలు సకాలమున చేతికి రాదు. రెండెకరములు అమ్మివేసి పట్టణములో ఇల్లొకటి కొని, అద్దె తీసికొనుచు కూర్చుండి తినిన బాగుండదా?" అని. దీనికి నా సమాధానము: ఆ ప్రశ్నలో "కూర్చుండి" అను మాటను తీసివేసినచో తక్కినది ఆలోచింపదగినదే. అద్దెయిల్లు కూర్చుండి తిను సొమ్ము కాదు. అదియు ఒక సేద్యమే. నేల యెన్నిక దానికి కలదు, నీటి వసతి కలదు, కాపలా కలదు, ఎండుకారు కలదు. సేద్యమెరిగిన మీవంటివారికి దీని ధర్మము తెలియుట కష్టము కాదు. సేద్యము కాదనుకొన్నప్పుడే మోసపోవుదురు.

ఈ వ్యవహారము నిన్న మొన్న పుట్టినది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున గృహవాస్తు ప్రకరణమొకటి కలదు. అద్దెకు అందు 'అవక్రయము' అని పేరు. ఖాళీ చేయుమన్న పిమ్మటను కదలక కూర్చుండువానికిని, అద్దె చెల్లించువానిని కారణములేక వెడలగొట్టు యజమానికిని అందు ఒక్కటే దండము: పండ్రెండు పణములు. అద్దెకున్నవాడు దుర్భాషలాడినను, దొంగతనము, దౌర్జన్యము వంటివి చేసినను మాత్రమే యజమాని వెడలగొట్టవచ్చును. తనంతట తాను లేచిపోవువాడు ఆ సంవత్సరపు అద్దెలో మిగిలినది చెల్లింపవలయును. నారదస్మృతి మరియొక న్యాయము చెప్పినది: పరుని స్థలమునకు అద్దె యిచ్చుచు తన సొమ్ముతో ఇల్లు కట్టుకొన్నవాడు, విడిచిపోవునప్పుడు కప్పును, కలపను, ఇటుకలను తీసికొనిపోవచ్చునట. తక్కెడలో ఇరుప్రక్కల తూకము సమముగా ఉంచుటయే పూర్వుల యభిప్రాయము. ఈ మాట తుదిదాక మనస్సులో నుంచుకొనుడు.

ఇక లెక్కకు వత్తము. పట్టణములో నలువది లక్షలు పెట్టి ఇల్లు కొంటిమనుకొందము. నెలకు 10,000 రూపాయలు అద్దె. సంవత్సరమునకు 1,20,000. ఇంతవరకు అందరును లెక్కవేయుదురు, ఇక్కడనే ఆగిపోవుదురు. ఒకరు ఖాళీచేసి మరియొకరు వచ్చుటకు ఏటికొక నెల పోవును: 10,000. పురపాలక సంఘపు పన్ను 5,000 అనుకొందము. సున్నము, రంగులు, కుళాయిలు, నీటి మోటారు, కప్పు కారుట, ఇట్టి మరమ్మతులకు 15,000. మిగులునది 90,000. అనగా పండ్రెండు నెలల అద్దెలో తొమ్మిది నెలలదే మనది. నలువది లక్షలమీద ఇది నూటికి రెండుంబావు మాత్రమే. ఈ యింటికి ఇరువది లక్షలు అప్పు తెచ్చితిమేని, నూటికి తొమ్మిది వడ్డీ చొప్పున మొదటి సంవత్సరమున వడ్డీయే ఇంచుమించు 1,80,000. రెండుంబావు పండు పొలమునకు తొమ్మిది వడ్డీతో పెట్టుబడి పెట్టు రైతును మనమేమందుము? స్థలము ధర పెరుగునుగదా యందురు. పెరుగవచ్చును; పెరుగకపోవచ్చును. పెరిగినను అమ్మిన నాడే అది చేతికి వచ్చును. నెలనెల కంతు మాత్రము ఆగదు.

ఇప్పుడు రెండవ లెక్క. పట్టణమున మీకు పూర్వమే ఒక డాబా యిల్లు కలదు. దాని పునాదియు, స్తంభములును పై అంతస్తు మోయగలవని ఇంజనీరు పరీక్షించి చెప్పినాడు. పురపాలక సంఘము ప్లాను మంజూరు చేసినది. పదునారు లక్షలతో పైన రెండు చిన్న వాటాలు కట్టితిరి. ఒక్కొక్కటి 6,500 చొప్పున నెలకు 13,000, ఏటికి 1,56,000. ఖాళీలకు 13,000, పన్నుకు 5,000, మరమ్మతులకు 18,000 తీసివేయగా 1,20,000 మిగులును. పదునారు లక్షలపై ఇది నూటికి ఏడున్నర. మొదటి యింటికిని దీనికిని భేదమెక్కడ వచ్చినది? స్థలమునకు మరల వెల పెట్టలేదు. పెద్ద యిల్లొకటి కాక చిన్న వాటాలు రెండు కట్టితిమి. ఒకటి ఖాళీయైనను రెండవది నిలిచియుండును. అంకెలు ఊరినిబట్టి మారును. లెక్క తీరు మారదు. కాబట్టి ఆరంభింపదలచినవారికి నా మొదటి మాట: క్రొత్త చోట కొనుటకు ముందు, ఉన్న చోట కట్టుటకు వీలున్నదేమో చూచుకొనుడు.

ఈ లెక్క తెలిసియు నేను తప్పితిని. 2009లో తెనాలిలోని మా యింటిపై ఒక వాటా కట్టితిని. అది చక్కగా సాగినది. దానితో నాకు గర్వము కలిగినది. 2014లో రాష్ట్ర విభజనము జరిగి, అమరావతి రాజధాని యగునని ప్రకటింపబడిన పిదప కృష్ణకు ఇరుప్రక్కల స్థలముల మాటయే అందరి నోటను. 2017లో ఆ ప్రాంతమున ముప్పది లక్షలకు ఒక ఫ్లాటు కొంటిని. పండ్రెండు లక్షలు నావి; పదునెనిమిది లక్షలు నేనును మా అబ్బాయియు కలిసి తెచ్చిన అప్పు. నెలకు కంతు 17,725. అద్దె 9,000, అందులో భవనపు నిర్వహణకు 1,500 పోగా 7,500. తక్కిన పదివేల చిల్లర నా జీతమునుండి ఇచ్చుచుంటిని. "రెండేండ్లలో అద్దె రెట్టింపగును" అని నాకు నేనే చెప్పుకొంటిని. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చినది. మరుసటి సంవత్సరము మార్చిలో కరోనా వలన దేశమంతయు స్తంభించినది. అద్దెకున్నవారు తమ యూరికి వెడలిపోయిరి. పదునొకండు నెలలు ఆ తలుపునకు తాళము. అప్పటికి నేను పింఛనుదారుడను. మా అబ్బాయి ఒక్క మాటయు అనలేదు. అనినచో బాగుండెడిదని నాకు తోచెడిది. 2022లో ఇరువదియైదు లక్షలకు అమ్మి అప్పు తీర్చితిని. అసలులో ఐదు లక్షలు, దానిపై కట్టిన వడ్డీయు పోయినవి. ఆ ప్రాంతమున పనులు 2024 తరువాత మరల సాగినవి. "ఇంకను రెండేండ్లు ఓపిక పట్టవలసినది" అని ఇప్పుడు చెప్పువారున్నారు. ఓపిక పట్టుటకు ధనము కావలయును; అప్పులో నున్నవానికి ఓపిక తన చేతిలో ఉండదు. నా తప్పు ఆ చోటు నెన్నుకొనుట కాదు. నిలువ శక్తిలేని యెత్తున నిలుచుట.

కొనక తప్పని వారు పత్రములను జాగ్రత్తగా చూడవలయును. రిజిస్ట్రేషను కచేరిలో ఈసీ తీయించి, కనీసము 30 ఏండ్లలో ఆ యాస్తిపై జరిగిన క్రయములను, తాకట్టులను పరిశీలింపుడు. లింకు దస్తావేజులన్నియు అసలువి చూడవలయును. పిత్రార్జితమైన ఇల్లయినచో కుమారులతోపాటు కుమార్తెల సంతకములును ఉండవలయును. 2005 నాటి సవరణచే ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన హక్కు వచ్చినది. "ఆడపిల్లలు ఏమియు అనరులెండి" అను మాటపై సొమ్ము పెట్టరాదు. క్రొత్త ఫ్లాటు అమ్మజూపువాడు 500 చదరపు మీటర్లకు మించిన స్థలమున ఎనిమిదికి మించిన ఇండ్లు కట్టుచుండినచో, 2016 నాటి రెరా శాసనము ప్రకారము నమోదు చేయించుకొనవలయును. నమోదు కాకముందు ప్రకటించుటయు, అమ్ముటయు నిషిద్ధము. రిజిష్టరైన ఒప్పందము లేనిదే వెలలో పదవవంతునకు మించి పుచ్చుకొనరాదు. "ముందుగా సొమ్మంతయు కట్టుడు, ఇల్లు పూర్తియగువరకు నెలనెల అద్దె మేమిత్తుము" అని గ్రామములకు వచ్చి చెప్పువారున్నారు. మీ సొమ్మునే కొంచెము కొంచెముగా మీకు తిరిగి యిచ్చుటకు అద్దె యని పేరు పెట్టుటయేమో విచారింపుడు.

ఇంటి కట్టడమున అలంకారములు తగ్గించి నాలుగింటిని గట్టిగా చేయుడు: నీరు, మురుగు, కప్పు, విద్యుత్తు. అద్దెకు వచ్చువారు మొట్టమొదట కుళాయి త్రిప్పి చూతురు. ప్రతి వాటాకును వేరు మీటరు పెట్టించినచో సగము జగడములు పుట్టకముందే చచ్చును. మురుగు పొరుగువాని గోడ క్రిందకు పోరాదు; కౌటిల్యుడును ఇండ్ల మధ్య ఎడము విడువుమనియే చెప్పినాడు. కప్పు మీద నీరు నిలువకుండ వాలు పెట్టింపుడు. నేలకు చలువరాళ్లు లేకున్నను ఎవరును ఇల్లు విడిచిపోరు. పడకగదిలో వానకారు చుక్క పడినచో రెండవ ఏడు ఉండరు.

ఇక అద్దెకు వచ్చువారి మాట. ఒప్పందము వ్రాయుడు. మన దేశమున పదునొకండు నెలలకు వ్రాయుట వాడుక. దానికి కారణము 1908 నాటి రిజిస్ట్రేషను శాసనము: ఒక సంవత్సరమునకు మించిన కౌలు తప్పక రిజిష్టరు కావలయును. అద్దె, అడ్వాన్సు, మరమ్మతు లెవరివి, ఏటికెంత పెంపు, ఎన్ని రోజుల ముందు చెప్పి ఖాళీ చేయవలయును, ఇవి యన్నియు తెలుగులో స్పష్టముగా నుండవలయును. వేరు ఒప్పందము లేనిచో నెలవారీ కాపురమునకు ఆస్తి బదలాయింపు శాసనము 15 రోజుల నోటీసు విధించుచున్నది. యజమాని చేయవలసిన మరమ్మతు, తెలియజేసినను చేయక ఉపేక్షించినచో, కాపురమున్నవారు తామే చేయించి అద్దెలో తగ్గించుకొనవచ్చునని ఆ శాసనమే చెప్పుచున్నది. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా అద్దె శాసనమున నివాసగృహముల అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనియు, నీరు విద్యుత్తు ఆపి ఖాళీ చేయింపరాదనియు ఉన్నది. అది నమూనాయే, రాష్ట్రము స్వీకరించినగాని శాసనము కాదు. అయినను న్యాయము న్యాయమే. నా యింట రెండు నెలల అడ్వాన్సుకు మించి నేను పుచ్చుకొనను.

ఇక్కడ నేను మరియొక తప్పు ఒప్పుకొనవలసియున్నది. పై వాటా కట్టిన క్రొత్తలో ఒక యువకుడు దానిని చూచుటకు వచ్చెను. నావలె ఉపాధ్యాయుడే. భార్య, చిన్న బిడ్డ. మాట మంచిది, ఉద్యోగము స్థిరము. వెళ్లునప్పుడు నేను వారి కులమడిగితిని. అతడు చెప్పెను. "ఆలోచించి చెప్పెద" నంటిని. అతడు గ్రహించి, బిడ్డ నెత్తుకొని మెట్లు దిగిపోయెను. ఆ వాటా నాలుగు నెలలు ఖాళీగా నుండెను. నెలకు 3,500 చొప్పున 14,000 రూపాయలు పోయినవని నేను విచారించుచుండగా మా యింటావిడ అన్నది: "ఏమండీ, బడిలో పిల్లలకు కులమడిగియే పాఠము చెప్పుచున్నారా?" నాకు సమాధానము లేకపోయినది. వేదము చదివిన నోరు ఆ రోజున మూతపడినది. ఆ తరువాత పరీక్షాపత్రములు దిద్దుచోట ఆ యువకుడు కనబడి, "నమస్కారము మాస్టారూ" అని యథాప్రకారము పలుకరించెను. నేను తల యెత్తలేకపోతిని. పదునాలుగు వేలు లెక్కపుస్తకమున వ్రాసితిని. తక్కినది ఏ పుస్తకమునను వ్రాయుటకు వీలులేదు.

అటుపిమ్మట ఆ వాటా ఒక ఆసుపత్రి నర్సు కుటుంబమున కిచ్చితిని. ఉద్యోగమేమి, ఇంట ఎందరు, ఇదివర కెక్కడ నుండిరి, ఇంతమాత్రమే అడిగితిని. ఆధారు నకలు తీసికొంటిని. వారు పదకొండేండ్లుండిరి. 2020లో ఆ యమ్మ భర్త కారు నడుపు పని పోయినది. మూడు నెలలు సగము అద్దె చాలునంటిని. మరుసటి సంవత్సరము ఆ సగమును అడుగకయే తెచ్చి యిచ్చిరి. పదకొండేండ్లలో ఆ వాటా ఒక్క దినమును ఖాళీగా లేదు. ఏటికి నూరు రూపాయలు ఎక్కువ యిచ్చువారికై మంచివారిని మార్చు యజమాని, ఖాళీ నెలల రూపమున దానికి పదింతలు పోగొట్టుకొనును. తక్కెడ సమముగా నుంచుమని పూర్వులు చెప్పినది ధర్మము మాత్రమే కాదు, లాభము కూడ.

లెక్కల విషయము క్లుప్తముగా చెప్పెదను. అద్దె సొమ్మునకు బ్యాంకులో వేరు ఖాతా తెరువుడు. ఇంటి ఖర్చులతో కలుపవలదు. అద్దెకు రసీదు ఇయ్యుడు. ఆదాయపు పన్ను లెక్కలో అద్దెనుండి, మీరు చెల్లించిన పురపాలక పన్నును తీసివేసి, మిగిలినదానిలో నూటికి 30 వంతులు మరమ్మతుల క్రింద, నిజముగా ఎంత ఖర్చయినను సరే, తగ్గింతురు. ఇంటికై తెచ్చిన అప్పు వడ్డీకిని శాసనములోని హద్దులకు లోబడి తగ్గింపు కలదు. దాచవలసిన పని లేనప్పుడు దాచి భయపడుట యెందులకు?

వృద్ధి మాట యేమందురా? రెండు వాటాల నుండి ఏటికి 1,20,000 మిగులుచున్నదంటిమి. అందులో మూడవవంతు ఇంటికి వాడుకొని 80,000 నిలువచేసినచో పదేండ్లలో ఎనిమిది లక్షలు. వడ్డీ దానికి అదనము. అప్పుడు మరి రెండు వాటాలు కట్టుటకు ఎనిమిది లక్షలు చేతివి, ఎనిమిది లక్షలు అప్పుగా తేవచ్చును. పదేండ్ల గడువున, తొమ్మిది వడ్డీకి నెలకు కంతు 10,134. పాత వాటాల మిగులు నెలకు 10,000, క్రొత్త వాటాల మిగులును అంతయే అయినచో, మొత్తము మిగులులో సగము కంతుకు పోవును. క్రొత్తవి రెండును ఖాళీగా నున్నను పాతవాటి మిగులుతోనే కంతు ఇంచుమించు తీరిపోవును. నా సూత్రమిదియే: సగము వాటాలకు తాళములు పడినను అప్పు కంతు తప్పకుండ నిలుచునట్లుగానే పెరుగవలయును, అంతకు మించిన వృద్ధి వృద్ధి కాదు, వాపు. ధరలు పెరుగునుగదా యందురు, అద్దెలును పెరుగును. అన్ని వాటాలును ఒక్క కళాశాలనో ఒక్క కర్మాగారమునో నమ్మి కట్టవలదు. 2020లో కళాశాలలు మూతపడగా విద్యార్థులనే నమ్మిన గదులు నెలల తరబడి చీకటిగా నున్నవి.

పెద్దలారా! పొలమంతయు అమ్మి పట్టణమునకు పోవలదు. విత్తనపు గింజలు తిని సేద్యము చేసినవాడు లేడు. అమ్మక తప్పనిచో కొంత యమ్ముడు, చేతి సొమ్ముతో ఒక్క వాటా కట్టుడు, మూడేండ్లు నడిపి చూడుడు. కుళాయి కారినప్పుడు మీరే పోయి చూడగలరా, రాత్రివేళ మోటారు చెడినదని పిలిచినప్పుడు విసుగుకొనక పలుకగలరా, అద్దె ఆలస్యమైననాడు కఠినముగా కాక దృఢముగా మాటలాడగలరా, ఇవి యన్నియు ఆ మూడేండ్లలో తెలియును. తెలిసిన పిమ్మట రెండవదానిని తలపెట్టుడు. తెలియక పదింటిని తలపెట్టినవారిని నేను చూచితిని. అద్దములో కూడ చూచితిని.

తలుపు మనది కావచ్చును. తలుపు లోపలిది మరియొకరి కాపురము. ఆ రెంటిని మరువనివాడు అద్దెయింటి యజమానిగా నిలుచును. ఈ మాటతో మీయొద్ద సెలవు పుచ్చుకొనుచున్నాను. నమస్కారము.